సైరన్ చల్లబడకూడదు

తుఫాను హెచ్చరికల కేంద్రంలో కంప్యూటరు జ్ఞాపకాన్ని సర్దే పని మనుషుల చేతుల్లోంచి తీసేసిన రోజున అందరికీ తలో కాజా పంచారు. నూకరత్నం తన కాజాను కాగితంలో చుట్టి అమ్మ కోసం సంచిలో పెట్టుకుంది. ఆ పథకం వల్ల ఆ ఇంటికి చేరిన లాభం అదొక్కటే.

నూకరత్నానిది సైరన్ సీటు. తీరం పొడవునా పల్లెల్లో స్తంభాలు పాతి, వాటి మీద బాకాల్లాంటి సైరన్లు బిగించారు. తుఫాను వస్తే ఆమె తన సీటు నుంచి కేంద్రంలోని పెద్ద కంప్యూటరులో ఒక ప్రోగ్రామును నడపాలి. అప్పుడు అవన్నీ ఒక్కసారిగా మోగుతాయి. వాటిలో ఒకటి ఆమె పుట్టిన గుల్లపాలెంలో, తల్లి పోలమ్మ వాకిట్లోంచి చూస్తే కనిపించే చోట ఉంది. ఉద్యోగం వచ్చిన రోజున పోలమ్మ ఒక్క మాటే అడిగింది.

"ఏటే, అది కూసిందంటే నువ్వు కూయించినట్టేనా?"

"నేనేనమ్మా."

"అయితే ఇంక రేడియో అక్కర్నేదు," అని పోలమ్మ ఆ రేడియోను పొరుగింటి వాళ్ళకి ఇచ్చేసింది.

కంప్యూటరు జ్ఞాపకం, అదే మెమరీ, బల్ల లాంటి చోటు. చేతికందాల్సినవన్నీ దాని మీద ఉంటాయి. బల్ల నిండితే, అప్పటికి పనిలేని వాటిని గోదాము లాంటి డిస్కులోకి దించుతారు. అక్కడి నుంచి పైకి తేవడం మహా ఆలస్యం. ఏది బల్ల మీద ఉండాలో, ఏది గోదాముకు పోవాలో చూసే పెత్తందారు పేరు కెర్నల్. ఇదివరకు ఆ పెత్తందారుకు హద్దులు పెట్టింది ఒక ముసలి ఇంజనీరు. సైరన్ ప్రోగ్రామును ఏ పరిస్థితిలోనూ బల్ల మీంచి కదపకూడదని ఆయన కట్టడి చేసి, రిటైరై, మనవల దగ్గరికి వెళ్ళిపోయాడు.

కొత్త పథకం పేరు 'స్వయం సర్దుబాటు'. ఇందులో కెర్నల్‌కు ఎవరూ ఏమీ చెప్పరు. ఎవరూ తాకని ప్రోగ్రాము చల్లబడ్డట్టు. చల్లబడ్డదాన్ని గోదాములోకి తోసేస్తుంది. ఎంతసేపు తాకకపోతే చల్లబడ్డట్టో కూడా అదే తేల్చుకుంటుంది. పాత కట్టడులన్నీ రద్దు.

ప్రారంభోత్సవానికి కేంద్రం డైరెక్టరు వామనమూర్తిగారు రిబ్బను కత్తిరించి, గోడ మీది పెద్ద టీవీని ఆవిష్కరించారు. దాని మీద ఒక పచ్చటి చక్రం తిరుగుతోంది. బల్ల మీద ఎంత ఖాళీ ఉందో ఆ చక్రం చెబుతుంది.

"ఖాళీయే మన ఆస్తి," అన్నారాయన. "నిండిన జ్ఞాపకం గతానికి గుర్తు. ఖాళీ జ్ఞాపకం భవిష్యత్తుకు ఆహ్వానం. ఈ విషయంలో మన కేంద్రం తూర్పు తీరానికే మార్గదర్శకం కావలెనని ఆకాంక్షిస్తున్నాను."

అందరూ చప్పట్లు కొట్టాక, రాజధాని నుంచి వచ్చిన కన్సల్టెంటు అభినవ్ సందేహాలుంటే అడగమన్నాడు. అడగమన్నారు కదా అని నూకరత్నం లేచింది.

"సార్, సైరన్ని ఎండాకాలమంతా ఎవరూ తాకరు. అది కూడా గోదాముకు పోతుందా?"

"పోవచ్చమ్మా. కానీ సిస్టమ్ నేర్చుకుంటుంది."

"ఎలా నేర్చుకుంటుంది సార్?"

"తుఫాను వచ్చినప్పుడు సైరన్ ఆలస్యమైందనుకో. ఓహో, దీన్ని దగ్గర ఉంచుకోవాలి అని నేర్చుకుంటుంది. తర్వాతి తుఫానుకు రెడీ."

"మరి మొదటి తుఫాను సంగతి?"

"అది శిక్షణ," అన్నాడు అభినవ్ ప్రేమగా.

నూకరత్నం కూర్చుంది. పక్కనున్న సూపరింటెండెంటు భూషణం ఆమె చెవిలో, "కాజా తిన్నావు కదమ్మా, ఇంకా ప్రశ్నలెందుకు?" అన్నాడు. తినని కాజా సంచిలో భద్రంగా ఉందో లేదో ఆమె తడిమి చూసుకుంది.

చక్రం రోజురోజుకీ పచ్చబడుతూ వచ్చింది. డైరెక్టరుగారు ఉదయం రాగానే దాని ముందు నిలబడి, కాఫీ తాగి, ఫోటో తీసి, పక్క జిల్లా డైరెక్టరుకు పంపేవారు. పక్క జిల్లాలో అంత ఖాళీ లేదు. ఆ ఆనందంలో ఒకనాడు వెనక్కి తిరిగేసరికి ఆయనకు తన ఆఫీసు కనబడింది. కుర్చీకొక మనిషి. ఎక్కడా ఖాళీ లేదు.

మర్నాడు సర్క్యులరు వచ్చింది.

'యంత్రమునందు సత్ఫలితములనిచ్చిన విధానము మానవ వనరులయందును అమలుపరచుట సముచితమని భావించడమైనది. ఇందుమూలముగా, నిర్ణీత వ్యవధిలో ఏ ఫైలుగాని, ఫోనుగాని, వ్యక్తిగాని తాకని ఉద్యోగిని చల్లబడిన ఉద్యోగిగా పరిగణించి, కింది గోదామునకు తరలించడమగును. అవసరము ఏర్పడినచో పైకి పిలువబడును.'

కింది గోదాము అంటే నిజంగానే గోదాము. చిరిగిన టార్పాలిన్లు, గాలి పోయిన లైఫు జాకెట్లు, ఏనాటివో వరద సహాయం దుప్పట్లు అందులో ఉంటాయి. తుఫాను లేని కాలంలో తుఫాను సైరన్ సీటును తాకేవాళ్ళెవరు? అందరికంటే ముందు నూకరత్నాన్ని కంప్యూటరుతో సహా కిందికి దించారు. ఆమె లైఫు జాకెట్లను ఒక పక్కకు నెట్టి, టార్పాలిను మడిచి కుర్చీలో వేసుకుని కూర్చుంది. కిందనుంచి చూస్తే, పై అంతస్తు మెట్ల మీద కాళ్ళు మాత్రం కనబడేవి. ఆ కాళ్ళను బట్టే ఆమెకు ఆఫీసు సంగతులు తెలిసేవి.

మొదట్లో కాళ్ళు మామూలుగా నడిచాయి. తర్వాత పరుగెత్తాయి. చల్లబడతామన్న భయంతో గుమాస్తాలు ఒకరికొకరు ఫోన్లు చేసుకోవడం మొదలుపెట్టారు. మాట్లాడటానికి ఏమీ లేదు, తాకించుకోవడమే పని. "హలో, నేను పక్క సీట్లోంచి. తాకాను. ఇప్పుడు మీరు నన్ను తాకండి." ఒకే ఫైలు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అన్ని బల్లలూ తిరిగి, ఎవరూ విప్పకుండానే బయల్దేరిన బల్లకే చేరేది. అటెండరు దాలయ్యకు కొత్త డ్యూటీ వేశారు. గంటకోసారి అందరి భుజాలూ తట్టి వస్తాడు. ఒకసారి కిందికి దిగి నూకరత్నం భుజం కూడా తట్టబోయాడు.

"నన్నెందుకు బాబాయ్? నేను ఎప్పుడో చల్లబడ్డాను కదా."

"ఒలే, పైనోళ్ళని తట్టీ తట్టీ సెయ్యి నొప్పొచ్చేసింది. నీ పక్కన కాసేపు కూకుంతానని వొచ్చేను," అని దాలయ్య దుప్పట్ల కట్ట మీద కూలబడ్డాడు.

అంతవరకూ నూకరత్నానికి బాధ లేదు. కింద చల్లగా ఉంది, గోల లేదు. ఆమె భయమంతా సైరన్ గురించే. ఒక పొద్దున పరీక్షగా ప్రోగ్రామును పిలిస్తే అది పలకలేదు. గోదాములోంచి ముక్కలు ముక్కలుగా పైకి వచ్చేసరికి, ఆమె రెండు జడలు వేసుకునేంత ఆలస్యమైంది. ఉప్పెన వచ్చే వేళ అంత ఆలస్యమైతే అమ్మ ఏ గుమ్మంలో నిలబడి ఉంటుందో ఆమెకు తెలుసు. అనుమతి తీసుకుని పైకి వెళ్ళింది.

"సార్, సైరన్ చల్లబడిపోయిందండి. దాన్ని ఒక్కదాన్నీ బల్ల మీదే ఉంచమని రాస్తే..."

"మినహాయింపా?" డైరెక్టరుగారు కళ్ళజోడు తీశారు. "ఒకదానికి మినహాయింపు ఇస్తే స్వయం సర్దుబాటు ఎలా అవుతుందమ్మా? చల్లబడిందంటే అర్థమేమిటి? తాకలేదనే కదా. తప్పు ఎవరిది?"

"తుఫాను రాలేదు కదండి."

"తుఫాను కోసం ఎదురుచూడటం పాతకాలపు పద్ధతి. తాకండి. రోజూ మోగించండి."

"ఉత్తినే మోగిస్తే జనం కంగారు పడతారు సార్."

"అలవాటు పడతారు. ప్రజల సామర్థ్యాన్ని తక్కువ అంచనా వేయవద్దు."

మోగించకుండా లోలోపల తాకే దారి కూడా వెతికింది నూకరత్నం. కుదరలేదు. నిజంగా కూత పెడితే తప్ప ఆ ప్రోగ్రాము అన్ని మూలలా కదలదు. దాంతో రోజుకోసారి మోగించడం మొదలుపెట్టింది. మొదటి రోజున గుల్లపాలెం మొత్తం పిల్లలతో, కోళ్ళతో, చుట్టలుగా చుట్టిన వలలతో తుఫాను షెల్టరుకు పరుగెత్తింది. రెండో రోజు సగం మంది. తర్వాత ఎవరూ కదల్లేదు.

ఇక్కడ స్వయం సర్దుబాటు తెలివి చూపింది. రోజుకోసారి తాకేదాన్ని మిగతా వేళల్లో బల్ల మీద ఎందుకు పెట్టుకోవాలి, అని తనకు తానే వ్యవధి తగ్గించుకుంది. డైరెక్టరుగారు పూటకోసారి మోగించమన్నారు. అది ఇంకా తగ్గించింది. చివరికి గంట గంటకూ కూత పెడితేగాని సైరన్ వేడిగా నిలవలేదు. ఆ గంటలన్నీ నూకరత్నమే కాపలా కాసింది. రాత్రి కూతలు, ఆదివారం కూతలు వాటంతట అవే మోగేలా ఏర్పాటు చేసి, మిగతావి మాత్రం ఎవరికీ వదల్లేదు. ఇన్ని కూతలు పెడుతున్నా ఆమె ఇంకా గోదాములోనే ఎందుకుందని భూషణం ఒకసారి డైరెక్టరుగారిని అడిగాడు.

"సైరన్ వేడిగా ఉంది. ఆ అమ్మాయిని ఎవరూ తాకడం లేదు కనుక ఆ అమ్మాయి చల్లగా ఉంది. అవి రెండూ వేర్వేరు అంశాలు."

ఆదివారం నూకరత్నం గుల్లపాలెం వెళ్ళింది. ఊరు సైరన్‌తో కాపురం చేస్తోంది. ఆరు గంటల కూతకు పడవలు దిగుతున్నాయి. తొమ్మిది కూతకు బడి. పన్నెండు కూతకు ఎండుచేపలు తిరగేస్తున్నారు. పోలమ్మ పొయ్యి మీద చేపల పులుసు పెట్టి, కూత కోసం చెవి అటు పెట్టి కూర్చుంది.

"ఈ కూతకి ఎక్కించి పై కూతకి దించితే ముక్క సరీగ్గా ఉడుకుతాదే. నీ సైరన్ వొచ్చిన కాడ్నించి ఒక్కనాడు పులుసు మాడనేదు."

"అమ్మా, అది తుఫానుకి."

"ఎరుగుదును. మరి నిజింగా తుఫానొస్తే ఎలాగ తెలుస్తాదే? అదీ ఇలాగే కూస్తాది కదా?"

 సోమవారం నూకరత్నం ఆ ప్రశ్నను తీసుకెళ్ళి డైరెక్టరుగారి ముందు పెట్టింది. ఆయన ప్రశ్నను గౌరవించారు, ఒక సర్క్యులరు విడుదల చేశారు.

'గంట గంటకు మ్రోగు సైరన్ సాధారణ సైరన్ అనియు, తుఫాను సమయమున మ్రోగునది అసలైన సైరన్ అనియు ప్రజలు గమనించవలెను. రెండింటి ధ్వని ఒకటే అయినను, భావము వేరు. ప్రజలు విచక్షణతో గ్రహించవలెను.'

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి జరిగింది. మినహాయింపులు లేవన్న డైరెక్టరుగారికి, పచ్చటి చక్రం ఒకసారి గోడ మీద ఆగిపోయి కనబడింది. అభినవ్ ఫోనులో వివరించాడు: ఏది తాకారో, ఏది తాకలేదో కనిపెట్టి చూస్తూ ఉండటానికి, చక్రం తిప్పడానికి కూడా బల్ల మీద చోటు కావాలి, అది కాస్త ఎక్కువే తింటుంది. డైరెక్టరుగారు వెంటనే చక్రాన్ని ఎన్నడూ కదపరాదని, మధ్యలో ఆపి చంపరాదని కంప్యూటరులో ముద్ర వేయించారు. అది చూసి జీతాల సెక్షన్ తన ప్రోగ్రాముకు ముద్ర వేయించుకుంది. ఫోటోల సెక్షన్, ప్రోటోకాల్ సెక్షన్, క్యాంటీను టోకెన్ల సెక్షన్ కూడా క్యూలో నిలబడి వేయించుకున్నాయి. పై అంతస్తులో ఉన్నవాళ్ళందరికీ ముద్ర దొరికింది. గోదాములో ఉన్న నూకరత్నానికి ఆ సంగతి చెప్పడానికి ఎవరూ దిగలేదు. మెట్ల మీద కాళ్ళు క్యూ కట్టడం చూసి, జీతాలు ఇస్తున్నారేమో అనుకుందామె.

కార్తీకంలో తుఫాను పుట్టింది. ఉత్తరంగా పోతుందని అందరూ అన్నారు. పడవలు వేటకు పోలేదు గాని, ఊళ్ళు కదల్లేదు. మధ్యాహ్నం దాటాక అది మనసు మార్చుకుని ఇటు తిరిగింది.

అప్పటిదాకా గోదాములో నిద్రపోతున్న ప్రోగ్రాములన్నిటినీ ఒక్కసారిగా లేపారు. ఉపగ్రహం ఫోటోలు, గాలి పటాలు, అలల లెక్క, మంత్రిగారి వీడియో. ఒకటి పైకి రావాలంటే ఒకటి కిందికి పోవాలి. పోయినదాన్ని మరుక్షణమే ఎవరో పిలుస్తారు. కంప్యూటరు మోయడం, దించడం తప్ప ఇంకే పనీ చేయలేకపోయింది. పై అంతస్తులో ఉద్యోగులు కూడా అంతే. సగం మందిని పైకి పిలిచారు, వాళ్ళకు కుర్చీలు లేక మిగతా సగాన్ని కిందికి పంపారు, మెట్ల మీద అందరూ ఇరుక్కున్నారు.

చోటు లేక ఊపిరాడనప్పుడు కెర్నల్ చేసే ఆఖరి పని ఒకటుంది. ఎవడు ఎక్కువ తింటున్నాడో చూసి వాణ్ణి చంపేస్తుంది. చూసింది. అందరికంటే ఎక్కువ తింటున్నది పచ్చటి చక్రం. దానికి ముద్ర ఉంది. తర్వాతిది ఫోటోలు, ముద్ర ఉంది. జీతాలు, ముద్ర. క్యాంటీను టోకెన్లు, ముద్ర. ముద్ర లేనిది ఒక్కటే కనబడింది.

మూడు గంటల కూత రాలేదు.

నూకరత్నం ప్రోగ్రామును మళ్ళీ లేపింది. లేచింది, చచ్చింది. మళ్ళీ లేపింది, మళ్ళీ చచ్చింది. అమ్మకు ఫోను చేస్తే లైను కలవలేదు. ఆమె మెట్ల మీది జనాన్ని మోచేతులతో తోసుకుంటూ, పిలుపు లేకుండానే పైకి వచ్చింది. డైరెక్టరుగారు గోడ టీవీకి పక్కగా నిలబడి, వీడియోలో ఉన్న మంత్రిగారికి చక్రాన్ని చూపిస్తున్నారు. కంప్యూటరుకు కొత్త లెక్క వేసే తీరిక లేక, చక్రం పొద్దుటి పచ్చదనంతోనే తిరుగుతోంది.

"సార్, సైరన్ చచ్చిపోయింది."

"బోర్డు చూడండి. పచ్చగానే ఉంది కదా."

"ఆ చక్రాన్ని ఒక్క నిమిషం ఆపండి సార్. చోటొస్తుంది. ఒక్క కూత పెట్టనీండి, చాలు. మా ఊళ్ళన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి."

డైరెక్టరుగారు మైకు మీద చెయ్యి అడ్డం పెట్టారు. "మంత్రిగారు చూస్తుండగా చక్రం ఆపమంటావా? అంతా సవ్యంగా ఉన్నట్టు ఆయనకు ఎలా తెలుస్తుంది?"

"సవ్యంగా లేదు కదండి!"

ఆ గొంతు అంత పెద్దదని ఆఫీసులో ఎవరికీ తెలియదు. భూషణం చేతిలో ఉన్న ఫైలు కింద పడింది. డైరెక్టరుగారు చెయ్యి తీసి, మైకులో, "సిబ్బంది ఉత్సాహంగా పనిచేస్తున్నారు సార్," అన్నారు.

నూకరత్నం వెనక్కి తిరిగింది. దాలయ్యను అతని మోపెడ్ తాళం అడిగింది. అతను తాళం ఇస్తూ, "బ్రేకు సరీగ్గా పడదు, సూసుకో తల్లీ," అన్నాడు. ఆమె చూసుకోలేదు. జీడితోటల మధ్య రోడ్డు మీద గాలి మోపెడ్‌ను పక్కకు నెడుతుంటే, కాళ్ళు నేలకు రాస్తూ, నోటికి వచ్చిన దేవతలందరినీ పిలుస్తూ పోయింది. సగం దారి దాటాక ఒక మలుపులో ఎదురుగా ఏదో కదిలింది. మేకలు, వాటి వెనక పిల్లలు, నెత్తి మీద గిన్నెలు, భుజాల మీద వలలు. గుల్లపాలెం మొత్తం నడిచి వస్తోంది. అందరికంటే ముందు పోలమ్మ.

"ఓలమ్మా, బతికే ఉన్నావేటే!" అని పోలమ్మ మోపెడ్ హ్యాండిల్ పట్టేసుకుంది.

"మీకెలా తెలిసింది?"

"ఏటి తెలియడం? రెండు కూత వొచ్చింది. మూడు కూత నేదు. పులుసు మాడిపోనాది. నా కూతురు కూత తప్పదే, తప్పిందంటే దానికేటో అయిపోనాదని నేను ఈధిలో పడి ఏడిసేను. అందరూ బయిటికొచ్చినారు. ఒచ్చి ఇటు సూస్తే ఏటుంది, సముద్రం నల్లగా లేసి నిలబడిపోయుంది. ఇంక లగెత్తినాం. నీ కాడికే వొస్తన్నాం."

షెల్టరు ఆ మలుపులోనే దిబ్బ మీద ఉంది. అందరూ అందులోకి చేరి తలుపు వేసుకున్న కాసేపటికి సముద్రం ఊళ్ళోకి వచ్చింది. ఇళ్ళ కప్పులు పోయాయి, పడవలు తాటితోపులో తేలాయి. మనుషులు ఒక్కరూ పోలేదు. మిగతా పల్లెల్లో కూడా అంతే జరిగింది. కూత రాకపోయేసరికి ఏమైందోనని జనం బయటికి వచ్చారు, బయటికి వచ్చినవాళ్ళు సముద్రాన్ని చూశారు.

ప్రాణనష్టం లేదన్న వార్త రాజధానికి చేరింది. అభినవ్ విమానం దిగి నేరుగా సమావేశానికి వచ్చాడు. "చూశారా సర్, నేర్చుకుంటుందన్నాను కదా. మోగితే ఎవరూ కదలరని గ్రహించి, తనంతట తానే మోగడం మానేసింది." డైరెక్టరుగారు కాసేపు మౌనంగా ఉండి, ఆ మౌనంలోంచే ఒక విధానాన్ని పుట్టించారు. దానికి 'నిశ్శబ్ద హెచ్చరిక' అని పేరు పెట్టారు. అవార్డు వచ్చింది. ఈసారి కాజాలు తలో రెండు, వాటితో పాటు ఒక సర్క్యులరు.

'ఇకమీదట సాధారణ పరిస్థితులలో సైరన్ గంట గంటకు మ్రోగును. తుఫాను వచ్చినచో మ్రోగదు. మ్రోగని సైరన్ విన్న వెంటనే ప్రజలు షెల్టరునకు తరలవలెను.'

నూకరత్నాన్ని గోదాములోంచి పైకి తెచ్చి, పచ్చటి చక్రం ఎదురుగా కుర్చీ వేశారు. ఏం కావాలో కోరుకోమన్నారు.

"సైరన్‌కు కూడా ముద్ర వేయించండి సార్. తుఫానులో చావకుండా."

డైరెక్టరుగారు జాలిగా నవ్వారు. "తుఫానులో మోగకపోవడమే దాని పని అయ్యాక, అది బతికుండి ఏం చేస్తుందమ్మా?"

తర్వాతి వారం గుల్లపాలెంలో కరెంటు పోయింది. సైరన్ మోగలేదు. ఆకాశం అద్దంలా ఉంది, ఆకు కదలడం లేదు. ఊరు ఊరంతా మేకలతో, గిన్నెలతో షెల్టరుకు పరుగెత్తింది. కరెంటు వచ్చాక తిరిగొచ్చింది. మర్నాడు మళ్ళీ పోయింది. కరెంటు పోయినప్పుడల్లా జరిగిన ఆ తరలింపులన్నీ విజయవంతమైనవిగా గోడ మీద నమోదయ్యాయి. పచ్చటి చక్రం పక్కన వాటి కోసం ఇంకో చక్రం పెట్టారు. దానికీ ముద్ర వేశారు.

నూకరత్నం ఆదివారం వెళ్ళేసరికి ఇంట్లో పొయ్యి లేదు. వెతుక్కుంటూ షెల్టరుకు వెళితే, పోలమ్మ అక్కడే పులుసు పెట్టి కూర్చుంది. ఒక మూల పొరుగింటి వాళ్ళ మంచం, ఇంకో మూల మేకలు, కిటికీలో పాత రేడియో.

"ఇదెక్కడిదమ్మా?"

"ఇచ్చిందే కదా, మళ్ళీ అడిగి తెచ్చుకున్నాను," అని పోలమ్మ గరిటె కడిగి, రేడియో గొంతు పెంచింది. "నువ్వు కూకో. ముక్క ఉడికిందో నేదో మూత తీసి సూస్తాను. మీ సైరన్ని నమ్ముకుంటే మళ్ళీ మాడిపోద్ది."